అకాన్ కళ: బొమ్మకూ అర్థానికీ నడుమ సామెత

బల్ల ముందు ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక గిన్నె. ఒకడి చెయ్యి గిన్నెలో ఉంది, రెండోవాడి చెయ్యి పొట్ట మీద ఉంది. ఘానాలోని అకాన్ ప్రజల రాజసభల్లో రాజు తరఫున మాట్లాడే అధికారిని ఒచామే అంటారు. అతని చేతికర్ర తలమీద చెక్కి, బంగారు రేకు తొడిగిన బొమ్మ ఇది. కొత్తగా చూసేవారికి ఆకలి గురించి ఏదో చెబుతున్నట్టు అనిపిస్తుంది. అక్కడి పెద్దలకు మాత్రం బొమ్మ కంటపడగానే ఒక సామెత నోటికొస్తుంది: "తిండి సొంతదారుడిదే గానీ ఆకలేసినవాడిది కాదు." ఇక్కడ తిండి పేరుకే, మాట్లాడేది రాజపీఠం గురించి. హక్కు ఉన్నవాడే దానిమీద కూర్చుంటాడు, ఎంత ఆశపడ్డా మిగతావారికి అది దక్కదు. ఒచామే నోరు విప్పకముందే ఈ సంగతి సభకు చేరిపోతుంది.

అకాన్ కళలోకి దారి ఇదే. బొమ్మ నుంచి నేరుగా అర్థానికి వెళ్లలేం. నడుమ ఒక సామెత ఉంటుంది. ఆ సామెతను ఎవరు, ఎవరిని ఉద్దేశించి, ఏ సందర్భంలో అంటున్నారో చూస్తేనే అర్థం తేలుతుంది. ఇంటర్నెట్‌లో తిరిగే పట్టికల్లో ఒక్కో గుర్తు కింద "ధైర్యం", "ఐక్యత", "వివేకం" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. ఆ నడిమి మెట్టును తీసేయడం వల్ల, పట్టిక కంఠస్థం చేసినవారికి కూడా కర్రమీది బొమ్మ ఆ రోజు ఎవరికి చురక పెట్టిందో అంతుపట్టదు.

అకాన్ అనేది ఒకే కుటుంబానికి చెందిన భాషలు మాట్లాడే అనేక జనసమూహాల ఉమ్మడి పేరు. ఘానా దక్షిణ, మధ్య ప్రాంతాల్లోని అసాంటే, ఫాంటే, అక్వాపిమ్, బొనొ ప్రజలు, కోట్ డివోర్‌లోని బావులే, అన్యి ప్రజలు ఇందులోకే వస్తారు. వీరిలో రాజకీయంగా బలంగా ఎదిగింది కుమాసి రాజధానిగా ఉన్న అసాంటే రాజ్యం. 1701లో డెంచిరా రాజ్యాన్ని ఓడించాక అది వేగంగా విస్తరించింది. ఆస్థాన కళాకారులు, నేతగాళ్లు, కంసాలులు కుమాసి చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడటంతో ఈ కళల్లో చాలావాటికి ఆ ప్రాంతమే కేంద్రమైంది.

తూకపు రాళ్లు: ముందు బరువు, తర్వాతే బొమ్మ

సామెతల బొమ్మలు లెక్కకు మిక్కిలిగా దొరికేది బంగారం తూచే ఇత్తడి రాళ్లలో. 15వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం చివరిదాకా ఈ ప్రాంతంలో బంగారు పొడే డబ్బు. చేపలు కొన్నా, జరిమానా కట్టినా పొడిని త్రాసులో తూచి ఇవ్వాల్సిందే. అందుకే వ్యాపారి వెంట ఒక మూట ఉండేది. అందులో చిన్న త్రాసు, పొడి తోడే ఇత్తడి చెంచాలు, మట్టి ఊదేయడానికి పళ్లెం, పొడి దాచుకునే చిట్టి ఇత్తడి పెట్టెలు, గీటురాయి, పదుల కొద్దీ తూకపు రాళ్లు ఉండేవి. బేరంలో అమ్మేవాడు తన రాళ్లతో ఒకసారి, కొనేవాడు తన రాళ్లతో ఒకసారి తూచేవారు. రెండూ కలవకపోతే మళ్లీ వాదన. బ్రిటిష్ వలస ప్రభుత్వం 1889లో గోల్డ్ కోస్ట్‌లో (ఈనాటి ఘానా తీరప్రాంతం) బంగారు పొడి చెలామణిని రద్దు చేసింది. మరికొన్నేళ్లకు కుమాసి కూడా బ్రిటిష్ వారి చేతికి చిక్కాక ఈ రాళ్ల అసలు పని ముగిసింది. అప్పటికి దాదాపు 30 లక్షల రాళ్లు పోతపోసి ఉంటారని పరిశోధకుల అంచనా.

అతి చిన్న తూకాలకు గింజలే ఆధారం. ఎర్రటి ఒంటిమీద నల్లటి మచ్చ ఉండే దమ్మా గింజ వాటిలో ఒకటి. అది మన గురివిందే. తెలుగునాట కంసాలులు బంగారాన్ని గురిగింజ ఎత్తుల్లో లెక్కకట్టిన కాలంలోనే పశ్చిమ ఆఫ్రికా అడవుల్లోనూ అదే గింజ త్రాసెక్కింది. ఈనాటి ఘానా నాణెం పెసెవా పేరు కూడా ఇలాంటి ఒక చిన్న తూకానిదే. పెద్ద తూకాల విషయంలో మాత్రం వ్యవహారం చిక్కుగా ఉండేది. ఉత్తరాన సహారా దాటి వచ్చే ముస్లిం వర్తకుల మిథ్కాల్ సుమారు నాలుగున్నర గ్రాములు. 1471లో తీరానికి చేరి, 1482లో ఎల్మినా కోట కట్టుకున్న పోర్చుగీసువారి ఔన్సు సుమారు 28.7 గ్రాములు. తర్వాత వచ్చిన ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు. ఇవన్నీ ఒకే సంతలో నడిచాయి. ఒక్కో మూటలో అన్నేసి రాళ్లు ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

రాయి తయారీ మైనపు అచ్చు పద్ధతిలో సాగుతుంది. ముందు తేనెమైనాన్ని వెచ్చబెట్టి చెక్క పుల్లతో బొమ్మ చేస్తారు. జుట్టు, పొలుసులు, ఆభరణాలు కావాలంటే మైనాన్ని సన్నని దారంగా సాగదీసి అంటిస్తారు. బరువు లెక్క తేలేది ఇక్కడే. ఇత్తడి మైనం కంటే దాదాపు తొమ్మిది రెట్లు బరువు. 30 గ్రాముల రాయి కావాలంటే మైనపు బొమ్మ మూడు గ్రాముల పైచిలుకు మాత్రమే ఉండాలి. మైనం పావు గ్రాము ఎక్కువైతే చివర్లో ఇత్తడి రెండు గ్రాములకు పైగా పెరిగిపోతుంది.

బొమ్మకు పోతదారి కోసం ఒక మైనపు పుల్ల అతికించి, మెత్తటి బొగ్గుపొడి కలిపిన పలుచని బంకమట్టిని పూత పూస్తారు. ఒక పూత నీడపట్టున పూర్తిగా ఆరాకే రెండోది. గోటి గీత లాంటి వివరం కూడా ఇత్తడిలో దిగాలంటే ఈ తొలిపూతలు నున్నగా ఉండాలి. ఆపైన తాటిజాతి కాయల పీచు కలిపిన ముతక మట్టిని దట్టంగా మెత్తి, వేడి చేసి మైనాన్ని కరిగించి పారబోస్తారు. అసాంటే పోతగాళ్ల ప్రత్యేకత తర్వాతి అడుగులో ఉంది. లోహం కరిగించే మట్టి గిన్నెను, అంటే మూసను, ఇత్తడి ముక్కలతో సహా అచ్చు నోటికే అతికించి, అతుకును మట్టితో మూసేసి, రెండింటినీ ఒకే ముద్దగా కొలిమిలో పెడతారు. మూస కిందకీ అచ్చు పైకీ ఉంటాయి. లోహం కరిగాక పట్టకారుతో తీసి తలకిందులు చేస్తే ఇత్తడి అచ్చులోకి దిగుతుంది. అచ్చు అప్పటికే ఎర్రగా కాలి ఉంటుంది గనుక లోహం సన్నని వేళ్లలోకి కూడా గడ్డకట్టకుండా పారుతుంది.

పని చెడేదీ ఈ అడుగుల్లోనే. మట్టిలో తేమ మిగిలితే ఆవిరి పుట్టి అచ్చు పగులుతుంది. ఎండలో పెట్టి తొందరగా ఆరబెడితే పూత బీటలు వారుతుంది, ఇత్తడి ఆ బీటల్లోకి చొరబడి బొమ్మ ఒంటిమీద రెక్కల్లా పొడుచుకొస్తుంది. లోపలి గాలి బయటికి పోయే దారి లేకపోతే లోహం మీద గుంటలు పడతాయి. మట్టిలో బొగ్గుపొడి, పీచు కలిపేది ఈ దారి కోసమే. చల్లారాక అచ్చును పగలగొట్టాలి. బొమ్మ సరిగ్గా వచ్చినా రాకపోయినా ఆ అచ్చు మళ్లీ పనికిరాదు, అంటే ఏ రెండు రాళ్లూ అచ్చం ఒకేలా ఉండవు. ఆదిలాబాద్ ఓజా కళాకారులు చేసే డోక్రా కూడా మైనపు అచ్చు పనే. అయితే వారు మట్టి గుండు మీద మైనపు దారాలు చుడతారు, బొమ్మ లోపల డొల్లగా ఉంటుంది. అకాన్ రాయి మాత్రం సాధారణంగా గట్టి ముద్ద, తూకానికి అదే కావాలి.

ఇంత జాగ్రత్త పడ్డా బరువు అటూ ఇటూ అవుతుంది. తక్కువైతే అడుగున సీసం పోస్తారు, లేదా ఇత్తడి తీగ చుడతారు. ఎక్కువైతే బొమ్మ తోకో, కాలో, చేతిలోని కత్తి కొసో కత్తిరించేస్తారు. మ్యూజియం గాజు అరల్లో చెయ్యి విరిగినట్టు కనిపించే కొన్ని రాళ్లు నిజానికి విరిగినవి కావు, తూకం సరిచేసినవి. బొమ్మ ఎంత అందంగా వచ్చినా తూకమే దాని తొలి ధర్మమని ఆ తెగిన చెయ్యి చెబుతుంది.

అలాగని బొమ్మకూ బరువుకూ మధ్య స్థిరమైన ముడి ఏదీ లేదు. ఒకే తూకాన్ని ఒక పోతగాడు మొసలిగా, ఇంకొకడు పీటగా పోయవచ్చు. పాత రాళ్లలో ఎక్కువభాగం రేఖలు, మెట్లు, చక్రాల వంటి జ్యామితి ఆకారాలే. మనుషులు, జంతువుల బొమ్మలు 18, 19 శతాబ్దాల్లో వెల్లువెత్తాయి. ప్రతి రాయికీ సామెత ఉండి తీరాలన్న నియమమూ లేదు. వేరుశనగకాయ, పేడపురుగు, పీత కొండి వంటివాటిని మైనంతో చెయ్యకుండా అసలు వస్తువునే మట్టిలో పాతి, కాల్చి బూడిద చేసి, ఆ ఖాళీలో ఇత్తడి పోసిన రాళ్లున్నాయి. వాటిలో మెరిసేది పోతగాడి నేర్పు. వాటికి కూడా బలవంతంగా ఒక నీతి తగిలించే అలవాటు అమ్మకందారులది.

సామెత పలికే రాళ్లు మాత్రం ఎంతసేపు చూసినా తనివితీరనివి. ఒక రాయిలో మనిషి తలమీద తుపాకీమందు పీపా మోస్తూ నోట్లో పొగాకు గొట్టం పెట్టుకుని నడుస్తున్నాడు. బొటనవేలంత బొమ్మలో పీపా చుట్టూ కట్టిన పట్టీలు కూడా లెక్కపెట్టవచ్చు. సామెత: "మేం మందుగుండు మోస్తున్నామంటుంటే నువ్వు పొగ తాగుతున్నావు." ఇంకొక రాయిలో పాము నోట హార్న్‌బిల్ పక్షి చిక్కి ఉంటుంది. నేలమీద పడుండే పాముకు ఆకాశంలో ఎగిరే పక్షి చివరికి దొరికిపోతుంది. బాకీ ఎగ్గొట్టి తిరిగేవాడికి ఇది చూపిస్తే మాటతో పని లేదు. ఎదురుపడి చేతులు కలుపుతున్న ఇద్దరు మిత్రులు ఆదు, అమొవాకో. ఒకప్పుడు బాగా బతికి, చితికిపోయాక మళ్లీ కలుసుకున్నవారు. బంగారం చేతులు మారే చోట ఈ బొమ్మ పెట్టడంలో ఉన్న చురుకుదనం చూడండి.

ఒకే జంతువు, వేరువేరు మాటలు

మొసలిని తీసుకుంటే ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో స్పష్టమవుతుంది. ఒంటరి మొసలికి చెప్పే మాట: "నీళ్లలో ఉంటుంది, పీల్చేది మాత్రం గాలినే." రెండు మొసళ్లు అడ్డంగా పెనవేసుకుని, మధ్యలో ఒకే పొట్టతో కనిపిస్తే అది ఫుంటుమ్‌ఫునెఫు: "పొట్ట ఒకటే, అయినా ముద్ద కోసం కొట్లాట." తిన్నది ఎవరైనా చేరేది ఒకే పొట్టలోకి గదా అన్నది ఎత్తిపొడుపు. ఒకే వంశంలో ఆస్తి తగాదాలకూ, ఒకే రాజ్యంలో సామంతుల పోరుకూ దీన్ని వాడతారు. ఫాంటే జెండా మీద మొసలి చేపల మధ్య ఉంటే మాట మళ్లీ మారుతుంది: "చేప బలిసేది మొసలి కోసమే." ఇది ఎదుటివారికి సూటి బెదిరింపు. పట్టికలో "మొసలి" పక్కన రాసే ఒక్క పదం ఈ మూడింటిలో దేన్నీ మోయలేదు.

చిరుతపులి సామెత ఇంకోరకం. "వాన పడితే చిరుత తడుస్తుంది గానీ మచ్చలు చెరగవు." మనకైతే "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" గుర్తొస్తుంది. మన మాటలో నింద స్పష్టం. చిరుత సామెతలో అలాంటి తీర్పు ముందే బిగించి లేదు. కష్టాల్లోనూ మారని నిబ్బరానికీ, ఎంత చెప్పినా మారని మొండితనానికీ అది సరిపోతుంది. ఏదన్నది సందర్భం తేలుస్తుంది.

ఒచామే కర్ర

సామెత, బొమ్మ, సందర్భం మూడూ ఒకచోట కలిసేది ఒచామే చేతిలో. రాజు సభలో నేరుగా అందరితో మాట్లాడడు. నెమ్మదిగా అన్న మాటను ఒచామే అందుకుని, సామెతలతో మెరుగుపెట్టి సభకు వినిపిస్తాడు. వచ్చినవారు కూడా రాజు ఎదురుగా ఉన్నా ఒచామేకే చెప్పుకోవాలి. సామెతకు అకాన్ సమాజంలో ఉన్న విలువ ఒక సామెతలోనే ఉంది: "తెలివైన బిడ్డకు సామెత చెబుతారు, మాట విడమర్చరు."

కర్ర దాదాపు మనిషి భుజం ఎత్తు ఉంటుంది. సాధారణంగా విడి భాగాలుగా చెక్కి ఒకదానిలో ఒకటి బిగిస్తారు. పైభాగాన బొమ్మ, కింద చెక్కడపు పని ఉన్న కాడ. గట్టి కలపను చెక్కి నున్నగా చేశాక పలుచని బంగారు రేకు అద్దుతారు, స్తోమత లేనిచోట బంగారు రంగు వేస్తారు. తొలినాళ్ల కర్రలు సాదాగా ఉండేవి. తీరంలో యూరోపియన్ అధికారులు, వర్తకులు ఇచ్చిన లోహపు పిడి చేతికర్రల ప్రభావమూ వీటిమీద ఉంది. ఇప్పుడు మనం చూస్తున్న బొమ్మల కర్రలు 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో బాగా వ్యాపించాయి. వీటిని అనాది సంప్రదాయమని రాసేయడం చరిత్రకు న్యాయం కాదు. పాత సామెతలు, తూకపు రాళ్లలో ఆరితేరిన బొమ్మల నుడికారం ఒక కొత్త వస్తువులోకి వచ్చి చేరాయి.

ఒక రాజు దగ్గర చాలా కర్రలు ఉంటాయి, ఆ రోజు ఏది బయటికి తీస్తారన్నదే అసలు ప్రకటన. చేతిలో గుడ్డు ఉన్న కర్ర: అధికారం గుడ్డు లాంటిది, గట్టిగా పిసికితే పగులుతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. మూడు తలల కర్ర: "ఒక్క తల సలహా మండలి కాదు." సాలెపురుగు, గూడు ఉన్న కర్ర కథలకూ తెలివికీ మూలపురుషుడైన అనాన్సేని తలపిస్తుంది. చెట్టెక్కేవాడిని కిందనుంచి ఇంకొకడు తోస్తున్న కర్రకు సామెత: "మంచి చెట్టు ఎక్కేవాడికే తోడ్పాటు దొరుకుతుంది." ఏనుగు కర్రకు: "ఏనుగు వెనక నడిచేవాడికి పొదల మంచు తగలదు." ఈ చివరిది సామంతుడు ఎత్తితే విధేయత, పెద్దరాజు ఎత్తితే అభయమూ హెచ్చరికా కలిసిన మాట. బొమ్మ ఒకటే, పట్టుకున్న చెయ్యి మారింది. ఒచామేలు దీన్ని ఎంతో నేర్పుగా వాడుకుంటారు, ఈ కళలో అత్యంత సున్నితమైన భాగం బహుశా ఇదే.

అదింక్రా అద్దకం

బట్ట మీద అచ్చులతో అద్దే అదింక్రా గుర్తులు ప్రపంచమంతా తెలిసినవి, అందుకే అపోహలు కూడా వీటి చుట్టూనే ఎక్కువ. మొదటిది పుట్టుక గురించి. గ్యామాన్ రాజు కోఫీ అదింక్రాను అసాంటేలు 1818 ప్రాంతంలో ఓడించాక, ఆయన ఒంటిమీది బట్ట చూసి ఈ కళ నేర్చారని తరచూ రాస్తారు. కానీ బ్రిటిష్ రాయబారి థామస్ ఎడ్వర్డ్ బౌడిచ్ 1817లోనే కుమాసిలో ఒక అదింక్రా బట్ట సేకరించాడు. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. యుద్ధానికి ముందే కుమాసిలో అద్దకం బట్ట ఉన్నప్పుడు, యుద్ధం వల్ల కళ పుట్టిందన్న కథ నిలబడదు. రాజు కథకు కుమాసి జ్ఞాపకాల్లో చోటు ఉండవచ్చు, తేదీగా మాత్రం దాన్ని వాడకూడదు.

కుమాసికి ఉత్తరాన ఉన్న ఎన్టోన్సో ఊరు ఈ పనికి పేరు. అచ్చులు ఎండిన సొరబుర్ర పెంకు ముక్కల మీద కత్తితో చెక్కుతారు, వెదురు పుల్లలు గుచ్చి పైన ముడివేస్తే పిడి అవుతుంది. రంగు బాదీ చెట్టు బెరడుది. పైపొట్టు తీసిన బెరడును ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, రోట్లో దంచి, గంటల తరబడి ఉడికించి వడకడతారు. ఆ కషాయాన్ని మళ్లీ మరగబెడితే తారులా చిక్కబడుతుంది. చిక్కదనం కుదరకపోతే అంతా వృథా. పలుచగా ఉంటే గుర్తు అంచులు బట్టలోకి పాకుతాయి, మరీ చిక్కగా ఉంటే చెక్కడపు సందులు పూడుకుపోయి గీతలు కలిసిపోతాయి. మెత్త పరచిన బల్ల మీద బట్టను బిగించి, దువ్వెన లాంటి పరికరంతో గీతలు గీసి గడులు చేసి, గడిలో ఒక గుర్తు చొప్పున అద్దుతారు. పెంకు వంపుగా ఉంటుంది గనుక అచ్చును నిలువుగా నొక్కితే నడిమి భాగమే పడుతుంది. ఒక అంచు నుంచి రెండో అంచుకు ఊపుతూ ఒత్తాలి. ఈ రంగు ఉతుకుళ్లకు ఆగదు, పాత పద్ధతి బట్టలను ఉతికేవారు కాదు.

ఆ బట్ట ప్రధానంగా వాడింది అంత్యక్రియల్లో. ముదురు గోధుమ, ఎరుపు, నలుపు నేల మీద నల్లటి గుర్తులు, దూరం నుంచి చూస్తే దాదాపు కనిపించవు. "మృత్యువు నిచ్చెన ఒక్కడే ఎక్కేది కాదు" అనే సామెతకు నిచ్చెన గుర్తు ఆ బట్ట మీదే సరిగ్గా అమరుతుంది. వెనక్కి తిరిగి చూసే పక్షి సంకోఫా సామెత: "మరిచిపోయినదాని కోసం వెనక్కి వెళ్లి తెచ్చుకుంటే తప్పులేదు." దీనికే గుండె ఆకారంలో మెలికలు తిరిగిన ఇంకో రూపం ఉంది. న్యూయార్క్‌లో 1991లో బయటపడిన ఆఫ్రికన్ శ్మశానవాటికలో ఒక శవపేటిక మూత మీద మేకులతో కొట్టిన గుండె ఆకారాన్ని సంకోఫాగా గుర్తించారు, 2007లో తెరిచిన స్మారకంలోనూ ఆ గుర్తు చోటుచేసుకుంది. అది ఆ కాలపు ఇంగ్లిష్ శవపేటికల మీద కూడా వేసే మామూలు గుండె గుర్తే కావచ్చునని తర్వాత చరిత్రకారులు వాదించారు. ఆకారం ఒక్కటే సాక్ష్యమైనప్పుడు ఈ సందేహం తప్పదు.

జెండాలు, పీటలు, నేత

తీరప్రాంత ఫాంటే ఊళ్లలో అసాఫో అనే యువసేనలు ఉండేవి. వాటి జెండాల మీద రంగు గుడ్డముక్కలు కత్తిరించి కుట్టిన బొమ్మల్లో చాలావి పక్క సేనను రెచ్చగొట్టే సామెతలే. రెండు వైపులా బొమ్మ ఒకేలా కనబడేలా కుడతారు. మూలన బ్రిటిష్ జెండా ఉంటే 1957కు ముందుదని, ఘానా త్రివర్ణం ఉంటే స్వాతంత్ర్యం తర్వాతదని మొదటి అంచనాకు రావచ్చు. ఈ కవ్వింపులు వీధి పోరాటాలకు దారితీయడంతో వలస ప్రభుత్వం జెండాల నమూనాలను నమోదు చేయించింది. ఒక బొమ్మకు మాటగా ఎంత బలం ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

పీటలను ఒకే దుంగలో చెక్కుతారు. చంద్రవంక లాంటి పైభాగం, కింద దిమ్మ, కొన్నిటిలో వాటి మధ్య మోసే ఆకారంలో ఏనుగో చిరుతో ఉంటుంది. బొన్విరే ఊరి నేతగాళ్లు నేసే కెంటే బట్టల్లో బొమ్మలు ఉండవు, నమూనాల పేర్లే సామెతలు, చారిత్రక ప్రస్తావనలు. నాలుగంగుళాల వెడల్పు పట్టీలుగా నేసి పక్కపక్కన కుట్టే ఈ నేతను 2024 డిసెంబరులో యునెస్కో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

కొనేటప్పుడూ చూసేటప్పుడూ

తూకపు రాళ్ల పని ముగిశాక పర్యాటకుల కోసం పోత మొదలైంది, ఇప్పటికీ సాగుతోంది. పాతదని చెప్పి అమ్మే రాయిని పరీక్షించడానికి కొన్ని దారులున్నాయి. అదే దుకాణంలో అచ్చుగుద్దినట్టు అలాంటిదే రెండోది ఉంటే, అది రబ్బరు అచ్చులో తీసిన నకలు. నిజంగా వాడిన రాయి వేళ్లు పట్టుకునే చోట, అడుగున అరిగి ఉంటుంది, లోతు సందుల్లో అరుగుదల ఉండదు. అన్నిచోట్లా సమానంగా నల్లబడి ఉంటే ఆ రంగు మందులతో తెచ్చింది. అరచేతిలో పట్టనంత పెద్దవి, వేలాడదీసే కొక్కెం ఉన్నవి త్రాసు కోసం చేసినవి కాకపోవడానికే అవకాశం ఎక్కువ. చివరగా రాయిని తూచాలి. పాత తూకపు మెట్లలో దేనికీ దగ్గరగా రాకపోతే అనుమానించాలి, వచ్చినంత మాత్రాన పాతదని నమ్మకూడదు.

1874లో బ్రిటిష్ సైన్యం కుమాసిని దోచినప్పుడు తరలిపోయిన బంగారు వస్తువుల్లో చాలావాటికి సామెతల సంగతి పక్కన పెట్టి "ఆభరణం" అని మాత్రమే చీటీ తగిలించారు. 2024లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కలిసి 32 వస్తువులను అరువు పద్ధతిలో కుమాసిలోని మన్హియా ప్యాలెస్ మ్యూజియానికి పంపాయి. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లోని ఫౌలర్ మ్యూజియం ఏడు వస్తువులను శాశ్వతంగా తిరిగి ఇచ్చేసింది. అరువుగా వచ్చినవాటికి గడువు ఉంది. ఆ గడువులోగా ఆ సామెతలు ఇంకా తెలిసిన పెద్దలను వస్తువుల ముందు కూర్చోబెట్టి, ఏ బొమ్మకు ఏ మాట, దాన్ని ఏ సందర్భంలో ఎత్తేవారు అన్నది అకాన్ ప్రజల ట్వి భాషలోనే నమోదు చేయడం అన్నిటికంటే అత్యవసరమైన పని.